ఫ్రాన్సు రాజు మొదటి ఫ్రాన్సిస్ - ఆయన దర్బారు, ఆయన కట్టడాలు

బాబరు పానిపట్టులో గెలిచింది 1526 ఏప్రిల్ నెలలో అని మన హైస్కూలు పిల్లలు కూడా తడుముకోకుండా చెప్పేస్తారు. దానికి నెల రోజుల ముందు, మార్చి 17వ తేదీ పొద్దున్నే, ఫ్రాన్సుకూ స్పెయిన్‌కూ సరిహద్దుగా పారే బిదసోవా అనే నదిలో జరిగిన సంగతి మాత్రం మనలో చాలామంది విని ఉండరు. నది నడిమధ్య ఒక బల్లకట్టు కట్టి ఉంచారు. ఇటు ఒడ్డు నుంచి ఒక పడవ, అటు ఒడ్డు నుంచి ఒక పడవ బయలుదేరాయి. ఒకదానిలో ఫ్రాన్సు రాజు మొదటి ఫ్రాన్సిస్. ఏడాదికి పైగా శత్రువు చెరలో ఉండి విడుదలై వస్తున్నాడు. రెండోదానిలో ఆయన కొడుకులిద్దరు. పెద్దవాడికి ఎనిమిదేళ్లు. చిన్నవాడికి ఏడేళ్లు నిండటానికి ఇంకా రెండు వారాలు ఉంది. బల్లకట్టు మీద తండ్రి ఇటు దిగాడు, పిల్లలు అటు ఎక్కారు. తండ్రి గట్టెక్కి గుర్రం మీద తన రాజ్యంలోకి పోయాడు. పిల్లలు జామీనుగా స్పెయిన్‌కు పోయారు.

ఐరోపాలో నషాతె సానియా, అంటే సాంస్కృతిక పునరుజ్జీవనం అని మనం చదువుకునే కాలానికి ఫ్రాన్సులో పెద్ద పేరు ఈ రాజుదే. ఆ దేశంలో యాత్రికులు ఈనాటికీ బారులు తీరి చూసే భవనాల్లో చాలా భాగం ఆయన కట్టించినవో, తిరగగట్టించినవో. కనుక ఆయన వైభవం చెప్పుకుందాం. అయితే ఆ పడవ సంగతి మరిచిపోకుండా చెప్పుకుందాం.

ఫ్రాన్సిస్ 1494 సెప్టెంబరు 12న కోన్యాక్ అనే ఊళ్లో పుట్టాడు. పుట్టినప్పుడు రాజు కొడుకు కాదు, రాజవంశంలో చిన్న శాఖవాడు. తండ్రి 1496లోనే పోయాడు. తల్లి లూయీజ్‌కు అప్పటికి ఇరవై ఏళ్లయినా నిండలేదు. ఆమె మళ్లీ పెళ్లి చేసుకోలేదు. కూతురు మార్గరీత్‌నూ, కొడుకునూ దగ్గరుండి చదివించింది. ఇటలీ భాష, స్పెయిన్ భాష, చరిత్ర, బైబిలు నేర్పించింది. కూతురికీ కొడుకుతో సమానంగా చదువు చెప్పించడం ఆ రోజుల్లో మామూలు విషయం కాదు. ఆ అమ్మాయి తర్వాత గొప్ప రచయిత్రి అయింది. అప్పటి రాజు పన్నెండో లూయీకి మగబిడ్డలు దక్కకపోవడంతో వారసత్వం ఈ కుర్రవాడి వైపు మళ్లింది. 1514లో రాజు తన కూతురు క్లోద్‌నిచ్చి పెళ్లి చేశాడు. 1515 జనవరి ఒకటిన రాజు పోయాడు. ఇరవై ఏళ్ల ఫ్రాన్సిస్ గద్దె ఎక్కాడు.

ఆరడుగుల మనిషి, పొడవాటి ముక్కు, మాటకారి, వేటంటే పిచ్చి. గద్దె ఎక్కిన తొమ్మిది నెలలకే ఆల్ప్స్ కొండలు దాటి, సెప్టెంబరులో మరిన్యానో దగ్గర రెండు రోజుల యుద్ధంలో స్విట్జర్లాండు సిపాయీలను ఓడించి మిలాను పట్టుకున్నాడు. తొలి గెలుపు మనిషిని ఎంత మోసం చేస్తుందో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు కనబడదు. మిగిలిన జీవితమంతా ఆ మిలాను కోసమే ఆయన యుద్ధాలు చేశాడు. చివరికి అది ఆయన చేతిలో మిగలలేదు.

ఇటలీలో ఆయన చూసింది యుద్ధాలు మాత్రమే కాదు, చిత్రాలు, శిల్పాలు, తోటలు కూడా. 1516లో లియొనార్డో డా వించీని ఫ్రాన్సుకు పిలిపించాడు. అప్పటికి ఆయనకు అరవై నాలుగేళ్లు. అంబ్వాజ్ కోటకు దగ్గరలో ఒక ఇల్లు ఇచ్చి, ఏడాదికి వెయ్యి బంగారు నాణేలు ముట్టజెప్పి, ఏ పని చేయమనీ ఒత్తిడి పెట్టలేదు. ఆయన మాటలు వినడమే రాజుకు కావలసింది. లియొనార్డో 1519 మే 2న ఆ ఇంట్లోనే కన్నుమూశాడు. రాజు ఒళ్లో ప్రాణం వదిలాడని ఒక కథ చాలాకాలం చెప్పుకున్నారు, బొమ్మలు కూడా గీశారు. రాజు అప్పుడు చాలా దూరంలో ఉన్నాడు గనుక అది కథే. ఆ ఇల్లు మాత్రం ఉంది. క్లో లూసే అంటారు. ఎర్ర ఇటుకల ఇల్లు, టిక్కెట్టు కొని లోపలికి పోయి చూడవచ్చు. లియొనార్డో వెంట తెచ్చుకున్న మోనాలిసా రాజుగారి ఖజానాలో చేరి, అక్కడి నుంచి ఈనాటి లూవ్రు మ్యూజియందాకా వచ్చింది.

ఇక దర్బారు సంగతి. మనం దర్బారు అనగానే ఒక ఊరు, ఒక కోట, ఒక తఖ్తు ఊహించుకుంటాం. ఫ్రాన్సిస్ దర్బారు నిలకడ లేనిది. పదిహేను రోజులు ఒకే చోట ఉంటే గొప్ప. రాజు కదిలితే మంత్రులు, మతాచార్యులు, బేగములు, వంటవాళ్లు, వేటకుక్కలవాళ్లు, రాయబారులు, దర్జీలు, వీళ్లందరి నౌకర్లు, కొన్ని వేల మంది, కొన్ని వేల గుర్రాలు కదలాలి. ఒక చిన్న పట్టణం లేచి నడిచినట్టు! మంచాలు, పరుపులు, గోడలకు వేలాడదీసే బుటేదారు తెరలు, వెండి పళ్లాలు అన్నీ గాడిదల మీద, కంచరగాడిదల మీద, బండ్ల మీద వెంట వచ్చేవి. ఫ్రెంచి భాషలో సామాను, ఫర్నిచరు అనే అర్థంలో వాడే మాటకు అసలు అర్థం కదిలేది అనే. రాజు వెళ్లిపోయాక కోటలో మిగిలేవి వట్టి గోడలు, చల్లారిన పొయ్యిలు.

దర్బారు ఎక్కడ దిగితే అక్కడ రొట్టె ధర పెరిగేది. గొప్పవాళ్లకు కోటలో గదులు, తక్కినవారికి ఊళ్లోవాళ్ల ఇళ్లు. ఇంటి తలుపు మీద సుద్దతో గుర్తు వేసిపోతే ఆ ఇంట్లో ఎవరో ఒకరు దిగినట్టే. మర్యాదగా దుస్తులు వేసుకున్న మనిషి ఎవరైనా రాజు భోజనం చేస్తుండగా దూరంగా నిలబడి చూడవచ్చు. రాజుకు పొద్దున్నే చొక్కా అందించడం ఒక గౌరవం, చెయ్యి కడుక్కోవడానికి తుండు అందించడం ఒక గౌరవం. పొద్దున ఆంతరంగికులతో ఆలోచన, ఆపైన ప్రార్థన, భోజనం, ఎవరివో అర్జీలు. మధ్యాహ్నం వేట. రాత్రి నాట్యం, సంగీతం. అంతకు ముందు ఏ ఫ్రాన్సు రాజు దర్బారులోనూ లేనంత మంది స్త్రీలు ఈయన దర్బారులో ఉండేవారు. దానివల్ల మాటల్లో మర్యాద పెరిగిందనీ చెబుతారు, ఖర్చు పెరిగిందనీ చెబుతారు. రెండూ నిజమే అయి ఉంటాయి.

1520 జూన్‌లో కలే పట్టణం దగ్గర ఇంగ్లాండు రాజు ఎనిమిదో హెన్రీని కలిసినప్పుడు ఈ ఆడంబరం పరాకాష్ఠకు చేరింది. ఇద్దరూ పడుచు రాజులే. డేరాలకు వాడిన జరీ బట్టను బట్టి ఆ చోటికి జరీ బట్టల మైదానమని పేరే పడింది. హెన్రీ ఇటుకల పునాది మీద కర్రలతో, కిత్తాను గుడ్డతో, గాజు కిటికీలతో ఒక తాత్కాలిక భవనమే లేపాడు. రెండు వారాలకు పైగా విందులు, మల్లయుద్ధాలు, గుర్రాల పోటీలు. ఇద్దరు రాజులు కుస్తీ పట్టారనీ, ఫ్రాన్సిస్ హెన్రీని పడగొట్టాడనీ ఒక ఫ్రెంచి సర్దారు రాసుకున్నాడు. స్నేహం చేసుకోవడానికి ఇంత ఖర్చు పెట్టిన ఆ ఇద్దరూ రెండేళ్లు తిరగకుండానే మళ్లీ యుద్ధానికి దిగారు!

శాంబోర్ భవనం పని 1519లో మొదలయింది. అడవి మధ్యలో, వేట కోసం. 400కు పైగా గదులు, 280కి పైగా పొయ్యిగూళ్లు. కప్పు మీద పొగగొట్టాలు, బురుజులు, గుమ్మటాలు కలిసి ఒక చిన్న ఊరిలా కనబడతాయి. నడుమ ఉన్న రాతి మెట్లదారి చూడవలసినది. రెండు మెట్లవరసలు ఒకదానినొకటి చుట్టుకుంటూ పైకి పోతాయి. ఒకరు ఎక్కుతుంటే ఇంకొకరు దిగవచ్చు. సందుల్లోంచి ఒకరికొకరు కనబడతారు గాని ఎదురుపడరు. దీని వెనక లియొనార్డో ఆలోచన ఉందని చాలామంది నమ్ముతారు. పని మొదలయ్యేసరికి ఆయన లేడు. ఇంత కట్టించి, ముప్పయి రెండేళ్ల పాలనలో రాజు అక్కడ గడిపింది మొత్తం కలిపి 72 రోజులు. చలికాలంలో ఆ గదులు వెచ్చబడవు. మరి ఎందుకు కట్టించినట్టు? 1539లో తన పాత శత్రువు ఐదో చార్లెస్ చక్రవర్తి ఆ దారిన వచ్చినప్పుడు చూపించడానికి పనికివచ్చింది.

ఆ చార్లెస్ పేరు ఇక చెప్పక తప్పదు. 1519లో జర్మనీ చక్రవర్తి పదవికి ఎన్నిక జరిగితే ఫ్రాన్సిస్ కూడా పోటీ చేశాడు, డబ్బు కుమ్మరించాడు, ఓడిపోయాడు. గెలిచినవాడు స్పెయిన్ రాజు చార్లెస్, పందొమ్మిదేళ్లవాడు. ఒక పక్క స్పెయిన్, మరో పక్క జర్మనీ, నెదర్లాండ్సు. ఫ్రాన్సు నడుమ చిక్కుకుపోయింది. 1525 ఫిబ్రవరి 24న ఇటలీలో పావియా పట్టణం ముందు జరిగిన యుద్ధంలో ఫ్రాన్సిస్ తానే ముందుండి గుర్రం దూకించాడు. దానితో తన ఫిరంగులకే అడ్డం వచ్చాడు. గుర్రం చచ్చింది, సర్దార్లు చచ్చారు, రాజు పట్టుబడ్డాడు. అది చార్లెస్ పుట్టినరోజు కూడా.

మాడ్రిడ్‌లో బందీగా ఉన్నప్పుడు జబ్బుచేసి చావుకు దగ్గరయ్యాడు. అక్క మార్గరీత్ ఎండలో అంత దూరం ప్రయాణం చేసి తమ్ముణ్ణి చూడబోయింది. ఇక్కడ దేశాన్ని నడిపింది తల్లి లూయీజ్. ఆమె ధైర్యం చూడండి. ఇస్తాంబులులోని సుల్తాన్ సులేమాన్ ఖానూనీ సహాయం కోరుతూ దూతను పంపింది. మొదటి దూత దారిలో హతుడయ్యాడు. రెండోవాణ్ణి పంపింది, అతడు చేరాడు. సుల్తాన్ ఆదరంగా జవాబిచ్చాడు. క్రైస్తవ ప్రపంచంలో అప్పుడు ఎవరూ ఊహించని స్నేహం అలా ఒక తల్లి ఆందోళనలోంచి పుట్టింది.

1526 జనవరి 14న రాజు ఒడంబడికకు ఒప్పుకున్నాడు. బుర్గుండీ రాష్ట్రం చార్లెస్‌కు ఇచ్చెయ్యాలి. ఇచ్చేదాకా జామీను ఉండాలి. పెద్ద కొడుకుతో పాటు రెండో కొడుకునైనా పంపాలి, లేదా పెద్ద కొడుకుతో పాటు దేశంలో పేరున్న సేనానాయకులను పన్నెండు మందినైనా పంపాలి. ఎవరిని పంపాలో తేల్చుకోవలసినది నాయనమ్మ లూయీజ్. యుద్ధం వస్తే కాపాడడానికి సేనాపతులు కావాలి గనుక ఆమె పిల్లలిద్దరినీ ఎంచుకుంది. వాళ్ల తల్లి క్లోద్ రాణి ఏడుగురు బిడ్డలను కని, 1524లో ఇరవై నాలుగో ఏటనే పోయింది. ఉంటే ఏమనేదో!

రాజు ఒప్పందం మీద సంతకం చేసేముందే, ఇది బలవంతపు సంతకం, చెల్లదు అని రహస్యంగా కాగితం రాయించి పెట్టుకున్నాడు. నది దాటాక మాట తప్పాడు. బుర్గుండీ ఇవ్వలేదు. బుర్గుండీ జనం కూడా వెళ్లమన్నారు. దేశం దృష్టితో చూస్తే ఆయన చేసినది సరే. కాని మాట తప్పితే శిక్ష ఎవరు అనుభవిస్తారో ఆయనకు తెలియనిది కాదు.

పిల్లల సేవకులను తీసివేశారు. ఒక కోట నుంచి ఇంకో కోటకు మార్చుతూ, చివరికి పెద్రాసా అనే కొండకోటలో ఉంచారు. 1529లో ఫ్రాన్సు నుంచి నాయనమ్మ పంపిన నౌకరు ఒకడు అక్కడికి వెళ్లి చూసి వచ్చి రాయించిన వాంగ్మూలం నిలిచి ఉంది. మందమైన గోడల చీకటి గది. పైన ఎక్కడో ఇనపచువ్వల కిటికీ. గడ్డి పరుపులు. చింకి బట్టలు. ఆడుకోవడానికి రెండు చిన్న కుక్కపిల్లలు. నౌకరు వంగి దణ్ణం పెట్టి ఫ్రెంచి భాషలో పలకరిస్తే, పెద్ద పిల్లవాడు కావలివాడి వైపు తిరిగి తనకు అర్థం కాలేదనీ, స్పెయిన్ భాషలో చెప్పమనీ అడిగాడు. పదకొండేళ్లవాడు, రేపు ఫ్రాన్సుకు రాజు కావలసినవాడు. మాట్లాడే దిక్కు లేక తన భాషను మరచిపోయాడు. నౌకరు తెచ్చిన మఖ్మల్ టోపీలను కూడా, ఏ మంత్రమో తంత్రమో పెట్టారేమోనని కావలివాళ్లు పిల్లల తలమీద పెట్టనివ్వలేదు.

ఉర్దూ మీడియంలో పాఠం చెప్పుకునే నావంటివాడు ఈ భాగం చదివి ముందుకు పోలేడు. బడిలో ఒక భాష, బజారులో ఒక భాష, ఇంట్లో ఒక భాషగా పెరిగే పిల్లలను మనం రోజూ చూస్తున్నాం. అయినా మనవాళ్లకు అమ్మ నోటిమాట ఇంట్లో వినబడుతూనే ఉంటుంది.

1529లో కాంబ్రే పట్టణంలో ఇద్దరు స్త్రీలు కూర్చుని సంధి కుదిర్చారు. ఒకరు లూయీజ్, రెండోవారు చార్లెస్ మేనత్త మార్గరెట్. బుర్గుండీకి బదులు ఇరవై లక్షల బంగారు నాణేలు. అందులో పన్నెండు లక్షలు పిల్లలను వదిలే రోజున రొక్కంగా చెల్లించాలి. అంటే సుమారు నాలుగు టన్నుల బంగారం. ఈ సొమ్ము పన్నుల నుంచి, సర్దార్ల నుంచి, చర్చీల నుంచి, పట్టణాల నుంచి పోగుచేశారు. స్పెయిన్ మనుషులు నాణేలు లెక్కబెట్టి, గీటుపెట్టి చూసుకోవడానికి నెలలు పట్టింది. 1530 జూలై ఒకటిన అదే బిదసోవా నదిలో మళ్లీ రెండు పడవలు కదిలాయి. ఈసారి ఒక పడవలో బంగారం పెట్టెలు, ఇంకోదానిలో పిల్లలు. నాలుగేళ్ల మూడు నెలలు గడిచాయి. చిన్నవాడు హెన్రీ ఆ తర్వాత ఎప్పుడూ ముభావంగానే ఉండేవాడనీ, తండ్రితో మనసు కలవలేదనీ దర్బారువాళ్లు చెప్పుకునేవారు.

సరిగ్గా ఆ 1530లోనే ఫ్రాన్సిస్ మంచి పని ఒకటి చేశాడు. గ్యోం బ్యూదే అనే పండితుడు ఏళ్ల తరబడి వెంటపడితే, పారిస్‌లో గ్రీకు, హీబ్రూ, గణితం చెప్పడానికి రాజోద్యోగులుగా ఉస్తాదులను నియమించాడు. పారిస్ విశ్వవిద్యాలయంలోని మతపెద్దలకు ఇది నచ్చలేదు. ఫీజు లేదు, ఎవరైనా వచ్చి వినవచ్చు. ఆ ఉస్తాదుల్లో గ్యోం పోస్తెల్ అనే ఆయన రాజు రాయబారితో ఇస్తాంబులు వెళ్లి అరబీ నేర్చుకుని వచ్చాడు, అరబీ వ్యాకరణం అచ్చువేయించాడు. రాజు వీళ్లకోసం భవనం కట్టిస్తానన్నాడు గాని కట్టించలేదు. జీతాలు బకాయి పడేవి. వేట కోసం 400 గదులు కట్టినవాడికి పంతుళ్ల కోసం నాలుగు గదులు కట్టడానికి తీరిక దొరకలేదు కాబోలు. అయినా ఆ బడి చావలేదు. కొలేజ్ ద ఫ్రాన్స్ అనే పేరుతో ఈ రోజుకూ పారిస్‌లో నడుస్తోంది. ఈ రోజుకూ ఫీజు లేదు, అడ్మిషన్ లేదు, డిగ్రీ లేదు. వెళ్లి కూర్చుని వినవచ్చు.

1537లో ఇంకో ఫర్మానా ఇచ్చాడు. రాజ్యంలో అచ్చయ్యే ప్రతి పుస్తకం ఒక ప్రతి రాజుగారి కుతుబ్‌ఖానాకు చేరాలి. నేటి ఫ్రాన్సు జాతీయ గ్రంథాలయానికి అది ఒక పునాది. 1539 ఆగస్టులో విల్లే-కొత్రే అనే ఊళ్లోని కోటలో 192 అంశాల పెద్ద ఫర్మానా మీద సంతకం చేశాడు. అందులో రెండు అంశాలు అక్కడి కోర్టుల్లో ఇప్పటికీ చెల్లుతున్నాయి. కోర్టు కాగితాలన్నీ లాటిన్‌లో కాక ఫ్రెంచి భాషలో, అర్థమయ్యేట్టు రాయాలన్నది వాటి సారం. వాదిప్రతివాదులకు తమ తీర్పు తమకు అర్థం కావాలన్న మాట బాగుంది. అయితే దేశం నాలుగు మూలలా వేరువేరు భాషలు మాట్లాడేవాళ్లకు ఆ ఫ్రెంచి కూడా పరాయిదే, అది వేరే కథ. పుట్టిన పిల్లల పేర్లు చర్చీలో చిట్టా రాసి ఉంచాలని కూడా అందులోనే ఉంది. బడిలో చేర్చేటప్పుడు పుట్టినతేదీ కాగితం అడిగే మనకు ఇది చిన్న విషయంగా తోచదు. ఆ కోట తర్వాతి కాలంలో బిచ్చగాళ్ల ఆశ్రమమయింది, వృద్ధుల ఆశ్రమమయింది, పాడుబడింది. బాగుచేసి 2023లో ఫ్రెంచి భాషకే అంకితమైన సంస్థగా తెరిచారు.

ఇదంతా చేసిన రాజే 1535 జనవరిలో ముద్రణే ఆపెయ్యమని హుకుం జారీ చేశాడంటే నమ్మబుద్ధి కాదు. కొత్త మతశాఖవాళ్లు రాత్రికి రాత్రి కరపత్రాలు గోడలకు అంటించారని కోపం. ఆ హుకుం నిలవలేదు గాని, మనుషులను సజీవంగా తగలబెట్టడం ఆగలేదు. 1545లో ప్రోవాన్స్ ప్రాంతంలో వోద్వా అనే మతశాఖ పల్లెలను, రాజు అనుమతితోనే, తుడిచిపెట్టారు. 1546లో ఎతియెన్ దోలే అనే ముద్రాపకుణ్ణి పారిస్‌లో మోబేర్ చౌరస్తాలో ఉరితీసి, పుస్తకాలతో సహా కాల్చారు. కొలేజ్ ద ఫ్రాన్స్ నుంచి ఆ చౌరస్తాకు నడిస్తే అయిదారు నిమిషాలు. ఆ ఊరు చూడబోయేవాళ్లు రెండూ చూడాలని నా అభిప్రాయం.

సుల్తాన్ సులేమాన్‌తో స్నేహం కొనసాగింది. 1543లో ఖైరుద్దీన్ బార్బరోసా నౌకాదళం వచ్చి ఫ్రెంచివారితో కలిసి నీస్ పట్టణాన్ని ముట్టడించింది. ఆ చలికాలం ఆ దళమంతా తూలోన్ రేవులో గడిపింది. రాజు హుకుం ప్రకారం ఊళ్లోవాళ్లు చాలామంది ఇళ్లు ఖాళీచేసి పోవలసివచ్చింది. తూలోన్ ఇస్తాంబులులా కనబడుతోందని చూసినవారు రాశారు. ఐరోపా అంతా ఫ్రాన్సిస్‌ను తిట్టిపోసింది. ఆయన తన సొంత దేశంలో భిన్నమతం మీద చూపిన కాఠిన్యం, పరదేశపు సుల్తానుతో చేసిన స్నేహం రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే, మతం కంటే గద్దె లెక్కలే ఆయనను నడిపాయని తేలుతుంది.

ఆయన మనసుపడి ఉన్న చోటు ఫోంతెన్‌బ్లో. 1528 నుంచి దాన్ని తిరగగట్టించాడు. ఇటలీ చిత్రకారులు రోస్సో, ప్రిమాతీచో అలంకరించారు. అరవై మీటర్లకు పైగా పొడవున్న గ్యాలరీ ఇప్పటికీ చూడవచ్చు. కింద చెక్కపని, పైన సున్నపు శిల్పాలు, నడుమ గోడచిత్రాలు. ఒకదాంట్లో రాజవంశపు లిల్లీ పూల గుర్తులున్న గుడ్డ కప్పుకుని ఒక ఏనుగు నిలబడి ఉంది. మన దేశపు జంతువు అక్కడ రాజుకు గుర్తుగా నిలవడం సరదాగా ఉంటుంది. ఆ గ్యాలరీ తాళంచెవి రాజు తన దగ్గరే ఉంచుకుని, రాయబారులను తానే వెంటబెట్టుకుని చూపించేవాడు. పారిస్‌లో పాత లూవ్రు కోట నడిమి బురుజును కూడా 1528లో ఆయనే పడగొట్టించాడు. దాని అడుగుభాగం మ్యూజియం నేలమాళిగలో ఇప్పుడు చూడవచ్చు.

పెద్ద కొడుకు, ఫ్రెంచి మరిచిపోయిన ఆ పిల్లవాడు, 1536లో పద్ధెనిమిదో ఏట పోయాడు. బంతాట ఆడి చల్లనినీళ్లు తాగి జబ్బుపడ్డాడు. విషం పెట్టాడన్న అనుమానంతో ఒక ఇటలీ సర్దారును గుర్రాలకు కట్టి చీల్పించారు. విషం జరిగినట్టు ఈనాడు ఎవరూ అనుకోరు. మూడో కొడుకు 1545లో పోయాడు. రాజు 1547 మార్చి 31న రాంబూయే కోటలో చనిపోయాడు. యాభై రెండేళ్లు. ఆ రోజు హెన్రీకి ఇరవై ఎనిమిదేళ్లు నిండాయి, ఆ రోజే రాజయ్యాడు.

పారిస్ పక్కన సేంట్ డెనీ చర్చీలో తండ్రికి పాలరాతి సమాధి కట్టించినది ఈ హెన్రీయే. విప్లవం రోజుల్లో, 1793లో, లోపలి ఎముకలు తీసి పారేశారు గాని పై కట్టడం మిగిలింది. కింద రాజూ, క్లోద్ రాణీ చనిపోయి పడుకున్నట్టుగా ఉంటారు. చుట్టూ మరిన్యానో గెలుపు చెక్కి ఉంది, పావియా లేదు. పైన రాజు, రాణి మోకాళ్ల మీద ప్రార్థనలో ఉంటారు. వాళ్ల వెనక చనిపోయిన బిడ్డలు ముగ్గురు మోకరిల్లి ఉంటారు. వాళ్లలో ఒకడు పెద్రాసా నుంచి వచ్చిన పెద్ద కొడుకు.